కొత్త బర్రె, పొద్దుటి మీటింగు

“మీ కోడలు ఏం నౌకరీ జేస్తది?” అని ఎవరడిగినా మా అత్తమ్మ దగ్గర ఒకటే జవాబుండేది.

“కంప్యూటర్ల తప్పులు దేవులాడుతది.”

అంతటితో ఊరుకునేది కాదు. “ఇంట్ల కనబడయ్ గనీ, గా డబ్బల మస్తు కనబడతయట” అని చేర్చేది, నేను పక్కనే ఉన్నా సరే. నేనూ తక్కువ తినలేదు. “ఇంట్ల తప్పులు దేవులాడెతందుకు నువ్వున్నవ్ గద అత్తమ్మా” అనేదాన్ని. ఇలాంటప్పుడు మా ఆయన ఏదీ వినపడనట్టు బండి తుడుచుకుంటూ కూర్చునేవాడు. తళతళలాడే ఆ బండిని చూస్తే మా ఇంట్లో మాటల జోరు ఎంతో ఎవరికైనా అర్థమయ్యేది.

అత్తమ్మ చెప్పింది నిజమే. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంకొకరు రాసిన ప్రోగ్రామును అటూ ఇటూ కెలికి, అది ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ తప్పు చెబుతుందో పట్టుకోవడం నా పని. చిన్నప్పుడు ప్రతిదానికీ వంక పెడతానని మా అమ్మ తిట్టేది. ఆ గుణానికి జీతమిచ్చే కంపెనీలు ఉంటాయని తెలిసినప్పుడు నాకంటే ఆమే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

నేను పెరిగింది ఫలక్‌నుమాలో. నాన్నది రైల్వే ఉద్యోగం. లోకల్ రైలు అక్కడి నుంచే బయలుదేరుతుంది కాబట్టి ఉద్యోగం కొత్తలో ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్క సీటు నాదే. ఊరికి ఆ చివరనున్న ఆఫీసుకు చేరేలోగా పెట్టెలో సగం మంది కష్టసుఖాలు నా చెవిన పడేవి. ఇంటర్వ్యూలో నా అడ్రసు చూసి ఒకాయన, “అంత దూరం నుంచి రోజూ రాగలవా అమ్మా?” అని జాలిగా అడిగాడు. “రైలు వస్తే నేనూ వస్తాను సార్” అన్నాను. ఆయన నవ్వాడు. ఉద్యోగం వచ్చింది.

పెళ్ళయి కిషన్‌బాగ్‌లో అత్తగారింటికి వచ్చాను. ముందు గదులు, వెనక కొట్టం, కొట్టంలో బర్రెలు. తాతల నాటి నుంచీ వాళ్ళు పాలవాళ్ళే. మామ పోయాక కొట్టం మొత్తం అత్తమ్మదే. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. డిపోలో ఆయన మాట నడుస్తుందేమో గానీ, కొట్టంలో మాత్రం తల్లికి అసిస్టెంటే. ఆఫీసులో ఈ కొట్టం సంగతి ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంట్లో ఉండగా ఆఫీసు ఫోనొచ్చి, వెనక బర్రె అరిస్తే, “బయట ట్రాఫిక్ అండీ” అని దాటేసేదాన్ని. మన ఊరి ట్రాఫిక్ సంగతి తెలిసినవాళ్ళు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

పాప పుట్టి, సెలవు ముగించుకుని వెళ్ళేసరికి నా పని ఇంకొకరి చేతిలో ఉంది. నాకు పాత రిపోర్టుల్లో స్క్రీన్ బొమ్మలు అతికించే పని అప్పజెప్పారు. తప్పులు పట్టే మనిషిని అతుకులు వేయడానికి కూర్చోబెట్టారు. రోజంతా అతికించి, రైలులో నిలబడి ఇంటికొచ్చేసరికి పాప అత్తమ్మ ఒళ్ళో నిద్రపోయి ఉండేది. ఈ పనికోసమా దీన్ని వదిలి వెళుతున్నాను అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

అత్తమ్మకు అది కనిపించింది. ఒకరోజు పాపను నా చేతికిస్తూ అన్నది, “ఏదో ఒకటి తేల్చు బిడ్డా. పోతే పనికొచ్చే పనికి పో. లేకుంటే నౌకరీ ఇడిసిపెట్టి కొట్టం జూస్కో. గిట్ల మొఖం యాలాడేసుకోని తిరుగుడేంది?”

ఆ మాట గుచ్చుకుంది. నేనూ లోపల అదే అనుకుంటున్నాను మరి.

అప్పుడే మా కంపెనీకి ఆస్ట్రేలియా నుంచి ఒక పని వచ్చింది. ఆస్పత్రుల్లో అపాయింట్‌మెంట్లు ఇచ్చే యాప్ అది. టెస్టింగ్ టీమును నడిపించే లీడ్ ఒకరు కావాలి. వాళ్ళకు ఆఫీసు మొదలయ్యే వేళకు మనకింకా తెల్లవారదు. తెల్లవారుజామున అయిదింటికి మీటింగ్ అనగానే మా టీములో మగవాళ్ళంతా ఎవరి స్క్రీన్లోకి వాళ్ళు తలలు దూర్చారు. అయినా మేనేజర్ రాసిన పేర్లన్నీ వాళ్ళవే. నా పేరు లేదు.

మా మేనేజర్ మంచివాడు. అదే చిక్కు. చెడ్డవాడైతే పోట్లాడటం తేలిక.

“మీకు చిన్న పాప కదండీ. తెల్లవారుజామున లేవడమంటే కష్టం. పాపం ఎందుకని మీ పేరు పెట్టలేదు” అన్నాడు.

“నన్ను అడిగారా సార్?”

“అడిగితే మీరు మొహమాటానికి ఒప్పుకుంటారేమోనని...”

నాకు మొహమాటమా! వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. “మా ఇంట్లో నాలుగింటికే అందరూ లేస్తారు” అన్నాను. “నాలుగింటికా? ఎందుకండీ?” అన్నాడాయన. “అలవాటు” అన్నాను. అంతకుమించి చెప్పలేదు.

ఆయన ఆ పనిని దీపావళి దాకా ఇంటి నుంచే చేసి చూడమన్నాడు. అప్పటికి ఆస్ట్రేలియా వాళ్ళు ఇక్కడికొస్తారు, వాళ్ళు సరేనంటే లీడ్ పని నాకే ఇస్తారు. ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆయనకు చెప్పేశాను. దీపావళి వెంటనే మా వాళ్ళు దున్నలను సింగారించి ఊరేగించే సదర్ పండుగ వస్తుంది. ఆలోగా ఈ పని నాదైతే సరి, కాకపోతే సదర్ మర్నాడే రాజీనామా. ఆయన, “నువ్వు మానేస్తే అమ్మా నువ్వూ దినమంత ఇంట్లనే ఉంటరా?” అన్నాడు. ముఖంలో నిజంగానే భయం కనిపించింది.

మీటింగుకు చోటు వెతుక్కోవడం మొదటి గండం. గదిలో మాట్లాడితే పాప లేస్తుంది. చివరికి కొట్టం పక్కన దాణా పెట్టే గది దొరికింది. తవుడు బస్తాల మధ్య కుర్చీ, వెనక గోడకు పాత పూల దుప్పటి. కెమెరాలో చూస్తే ఏదో తీరిగ్గా సర్దుకున్న ఇల్లులాగే కనిపించేది.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ కొత్త బర్రెను తెచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ, చూడముచ్చటగా ఉంది. కానీ దాని దూడ దక్కలేదు. దూడ లేని బర్రెను చేపించడం అంత తేలిక కాదు. చేపడమంటే పొదుగులోకి పాలు దింపడం. బర్రెకు మనసొప్పి చేపితేనే పాలు, లేకపోతే ఎంత పిండినా చుక్క రాలదు. అత్తమ్మ గంగడోలు నిమిరింది, గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగింది, మంచి దాణా పెట్టింది, చివరికి బతిమాలింది. బర్రె ఆకాశం చూస్తూ నిలబడింది. సూది వేయిస్తే చేపుతుందని ఎవరో సలహా ఇస్తే అత్తమ్మ ఒంటికాలి మీద లేచింది. “సూది పాలు నా మనుమరాలికి పోస్తనా? ఇంకోళ్ళ పిల్లలకు పోస్తనా? నడువు ఈడికెల్లి!”

నా మొదటి మీటింగు నాడు కూడా అదే గొడవ. గోడకు అవతల అత్తమ్మ బర్రెను తిడుతోంది. ఇవతల నేను మైకు తెరిచి, “గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్, క్యాన్ యూ హియర్ మీ?” అని మొదలుపెట్టాను. మీటింగు సాఫీగానే జరిగింది. లాప్‌టాప్ మూసి బయటికొస్తే అత్తమ్మ నురగలు కక్కుతున్న బకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“ఏమన్నవ్ దానితోని?”

“దేనితోని?”

“బర్రెతోని! నువ్వు మాట్లాడంగనే సేపింది.”

నేను కొట్టిపారేశాను. మర్నాడు కూడా అదే జరిగింది. ఆ మర్నాడూ అంతే. టెస్టర్‌ని కదా, నమ్మకుండా పరీక్ష పెట్టాను. మీటింగు లేని ఒకరోజు నోరు మూసుకుని కూర్చున్నాను. బర్రె చేపలేదు. ఇంకోరోజు అత్తమ్మతో మామూలుగా, అంటే కొంచెం గట్టిగా, మాట్లాడాను. బర్రె బకెట్‌ను తన్నింది. మీటింగు మొదలుపెట్టగానే చెవులు వాల్చి, కళ్ళు సగం మూసి పాలు దింపింది. ఇంగ్లీషు కోసమేమోనని మా ఆయన ఇంగ్లీషు పేపరు తెచ్చి దాని ముందు నిలబడి చదివాడు. అది ఆయన చొక్కాను నాకింది గానీ పాలు మాత్రం ఇవ్వలేదు.

సంగతి కనిపెట్టింది అత్తమ్మే. “గా మీటింగుల నీ గొంతు ఏరే ఉంటది బిడ్డా. నిమ్మళంగ, మెత్తగ. జోకొట్టినట్టు మాట్లాడ్తవ్.” మళ్ళీ ఆమే, “నాతోని గూడ గట్లనే మాట్లాడరాదూ?” అన్నది.

“నువ్వు గూడ పాలిస్తవా అత్తమ్మా?” అన్నాను. ఇద్దరం పాప లేచేదాకా నవ్వాం.

అప్పటి నుంచి ఇంట్లో నా హోదా మారిపోయింది. తెల్లవారకముందే అత్తమ్మే నన్ను లేపేది. “లే బిడ్డా, మీటింగ్ టైమైతుంది.” నేను ముఖం కడుక్కునేలోగా బస్తా మీద చాయ్ సిద్ధంగా ఉండేది. కరెంటు పోతే మా ఆయన్ను లేపి ఇన్వర్టర్ చూడమనేది. సాయంత్రం పాలకు మీటింగు ఉండేది కాదు కాబట్టి, పొద్దున మాట్లాడిందే మళ్ళీ మెత్తగా అప్పజెప్పేదాన్ని. మా గల్లీలోనే ఉండే పెద్దావిడ ఒకామె రోజూ వేకువనే పాలకు వచ్చేది. మేం ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తాం. దాణా గదిలోంచి నా మాటలు విని, “బహూ కిస్సే బాతాం కర్‌రీ మా?” అని అత్తమ్మను అడిగింది. కోడలు ఎవరితో మాట్లాడుతోందని.

“మీటింగ్ ఖాలా.”

“భైంస్ కే సాత్?” బర్రెతోనా అని.

“హౌ. భైంస్ కే సాత్ భీ” అన్నది అత్తమ్మ. అవును, బర్రెతో కూడా అని, అదేదో కంపెనీ నియమమన్నట్టు.

పని కూడా బాగా సాగుతోంది. ఎన్నాళ్ళకో నా బుర్రకు మేత దొరికింది. ఆస్ట్రేలియాలో కొన్నిచోట్ల వేసవి వస్తుందంటే గడియారాలను గంట ముందుకు జరుపుతారు, కొన్నిచోట్ల జరపరు. మా యాప్ ఆ తేడాను పట్టించుకోవడం లేదని నాకు అనుమానం వచ్చింది. తవ్వి చూస్తే నిజమే. నేను పట్టుకోకపోతే, అక్కడ గడియారాలు మారే రోజు నుంచి వందల మంది రోగులు డాక్టరు లేని వేళకు ఆస్పత్రికి వచ్చి కూర్చునేవాళ్ళు. ఆ రోజు ఇంకా రాకముందే పట్టుకున్నాను. రిపోర్టు పంపాక ఎంత సంతోషమేసిందంటే, లేచి వెళ్ళి కొత్త బర్రె మెడ కావలించుకున్నాను.

దీపావళి దగ్గర పడింది. ఆస్ట్రేలియా నుంచి ఇద్దరు వచ్చారు. మొదటి రోజే, అక్కడి వాళ్ళు కూడా వీడియోలో కలిసేట్టు, తెల్లవారుజామునే ఆఫీసులో మీటింగు పెట్టారు. ఇన్నాళ్ళూ ఏం చేశామో నేనే నిలబడి చెప్పాలి. ఆ కబురు చెప్పగానే అత్తమ్మ ముఖం పాలిపోయింది.

“మరి బర్రె?”

“ఒక్క పూటే గద అత్తమ్మా.”

“ఒక్క పూట పాలు ఆపుకుంటే మల్ల దాన్ని దారికి తెచ్చుడు నీకు తెల్వదు. నువ్వు నీ తప్పులు దేవులాడుకో, నేను దాని కాళ్ళు పట్టుకుంట” అని విసవిసా వెళ్ళిపోయింది. కానీ పొద్దున్నే నా చీర కుచ్చిళ్ళు సర్దింది ఆమే. బండెక్కుతుంటే, “భయపడకు. బర్రెతోని మాట్లాడినట్టే మాట్లాడు” అని చెప్పింది.

అద్దాల గదిలో నిలబడి మొదటి బొమ్మ తెరమీద వేశానో లేదో, బల్ల మీద నా ఫోను గజగజ వణికింది. అత్తమ్మ. కట్ చేశాను. మళ్ళీ వణికింది. మళ్ళీ కట్ చేశాను. మూడోసారీ వణికింది. పాపకేమైనా అయిందా? క్షమించమని చెప్పి ఫోను ఎత్తాను. చెవి దగ్గర పెట్టుకోనక్కర్లేదు, అత్తమ్మ గొంతు గదంతా వినపడింది.

“బిడ్డా! బర్రె సేపుతలేదు! బకెట తన్నింది. ఖాలా గిన్నె పట్టుకోని నిలబడ్డది. జెర మాట్లాడు దానితోని!”

పాప బాగుంది. ఒళ్ళంతా తేలికైంది, వెంటనే చెప్పలేనంత సిగ్గు ముంచుకొచ్చింది. మేనేజర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆస్ట్రేలియా నుంచి వచ్చినావిడ, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి, ఇంట్లో అంతా క్షేమమేనా అని అడిగింది. “బయట ట్రాఫిక్” అని చెప్పడానికి వీల్లేదు. అత్తమ్మను ట్రాఫిక్ అని ఎలా అంటాను?

ఉన్నదున్నట్టు చెప్పేశాను. మాది పాలవాళ్ళ ఇల్లని, ఇన్నాళ్ళూ ఆ వెనక పూల దుప్పటి ఉన్నది దాణా గది గోడకని, మీతో మాట్లాడే నా గొంతు వింటే తప్ప మా బర్రె చేపదని. ఆ తెల్లజుట్టు ఆవిడ పగలబడి నవ్వింది. తెరమీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఫోను బల్లమీద పెట్టుకుని, మీటింగు అలాగే కానివ్వమని నాకు చెప్పింది.

“అత్తమ్మా, ఫోను దాని చెవు కాడ పెట్టు” అన్నాను.

మళ్ళీ మొదలుపెట్టాను. “గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్, క్యాన్ యూ హియర్ మీ?” తెరవైపు చూస్తూ అన్నానో, ఫోనువైపు చూస్తూ అన్నానో నాకే తెలియదు. చిత్రంగా భయమంతా పోయింది. దాణా గదిలో బస్తాల మధ్య కూర్చున్నట్టే అనిపించింది. గడియారాల సంగతికి వచ్చాను. అనుమానం ఎలా వచ్చింది, ఎలా తవ్వాను, ఎవరెవరు నష్టపోయేవాళ్ళు, అన్నీ ఒక్కొక్కటే చెబుతున్నాను. అంతలో బల్ల మీది నుంచి అరుపు.

“సేపింది! సేపింది బిడ్డా!”

వెనకాలే ఖాలా గొంతు, “మాషాల్లా!” గదిలో చప్పట్లు మోగాయి. మేనేజర్ కూడా కొట్టాడు, కాకపోతే అందరి తర్వాత.

మీటింగు అయ్యాక ఆ పొట్టిజుట్టు ఆవిడ ఒక మాట చెప్పి వెళ్ళింది. పొద్దున్నే తమకు సూటిగా జవాబు చెప్పే మనిషి దొరికింది, ఇక ఈ మనిషిని మార్చవద్దు అని. మేనేజర్ నా దగ్గరకొచ్చాడు.

“మరి లీడ్ పని మీకే ఇద్దామని... వారంలో కొన్ని రోజులు తెల్లవారేసరికి ఇక్కడికి రావాల్సి ఉంటుంది. పాపతో మీకు కష్టమేమో, పోనీ...”

“సార్, ముందు అడగండి.”

ఆయన నవ్వాడు. “చేస్తారా?”

“చేస్తాను.”

ఆ ఒక్క ప్రశ్న కోసం ఎంత ఎదురుచూశానో అప్పుడు తెలిసింది. వాష్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని కాసేపు ఏడ్చాను, హాయిగా.

ఇంట్లో మిఠాయి పంచారు. సదర్ నాడు దున్నల ముందు తీన్మార్ దరువు మోగుతుంటే, అత్తమ్మ చుట్టాలందరికీ వినపడేలా, “మా కోడలు లీడు” అని చెప్పింది. లీడ్ అంటే ఏంటని ఎవరో అడిగితే, “ఇగ తప్పులు దేవులాడుడు ఇంకోళ్ళు జేస్తరు, ఈమె వాళ్ళ తప్పులు దేవులాడుతది” అన్నది. ఆఫీసులో ఎవరూ ఇంత బాగా చెప్పలేదు.

నా ఫికరంతా బర్రె గురించే. వారంలో కొన్ని పొద్దులు నేనుండను. రోజూ ఫోను పెట్టి కంపెనీ మీటింగును కొట్టానికి వినిపించలేను కదా. గొంతు రికార్డు చేసి పెడదామని మా ఆయన అన్నాడు. అత్తమ్మ ఆ మాటే చెవిన వేసుకోలేదు. “నువ్వు ఫికర్ జేయకు” అని మాత్రం అన్నది. ఎలాగో చెప్పలేదు.

లీడ్‌గా ఆఫీసుకు వెళ్ళాల్సిన మొదటి పొద్దు. చీర కట్టుకుని, నిద్రపోతున్న పాపను ముద్దుపెట్టుకుని, బర్రెకు రెండు ముక్కలు మాట్లాడి పోదామని వెనక్కి వెళ్ళాను. కొట్టంలోంచి మాటలు వినిపిస్తున్నాయి. నిమ్మళంగా, మెత్తగా. జోకొట్టినట్టు. అది ఎవరి గొంతో ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను.

“గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్. క్యాన్ యూ ఇయర్ మీ?”

అత్తమ్మ బర్రె డొక్కకు తల ఆనించి కూర్చుంది. చేతులు ఆడుతున్నాయి. బర్రె చెవులు వాల్చి, కళ్ళు సగం మూసింది. బకెట్‌లో పాలధార చప్పుడు మెల్లగా నురగలోకి దిగుతోంది. గోడకు అవతల ఇన్నాళ్ళూ ఆమె పాలే పిండుతోందనుకున్నాను. నా మీటింగంతా వింటూ కూర్చుందన్నమాట.

బయట మా ఆయన బండి స్టార్టయిన చప్పుడు వినిపించినా నేను అక్కడే నిలబడిపోయాను. ఆమె నావైపు తిరగలేదు. తిరిగితే బర్రె బెదురుతుందని కాబోలు, అదే మెత్తని గొంతుతో అన్నది:

“మావోడు బండి చాలు జేసిండు. ఇంక నిలబడ్డవేంది? నువ్వు పో బిడ్డా, ఈ మీటింగు నేను జూస్కుంట.”